రేడియో మరమ్మతు చిట్టా: రెండో ఐఎఫ్ దశలో దొంగదారి

నిన్న సాయంత్రం సెట్టు మూగబోయే సమయానికి మీటరు దానికి తగిలించే ఉంది. ఈ ఆరు వోల్టుల జెర్మేనియం ట్రాన్సిస్టర్ల రేడియో విజయవాడ కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జ్ దగ్గర హాయిగా వినిపిస్తూ, ఉన్నట్టుండి చిటపటమని ఆగిపోతుంది. పెట్టె మీద వేలితో కొడితే మళ్లీ పలుకుతుంది. ఇలాంటి దానికంటే పూర్తిగా చచ్చిన సెట్టే నయం, ఎందుకంటే మూత తీసేలోపే లోపం మాయమవుతుంది.

వాల్యూమ్ గరగర, డయల్ తాడు జారడం ఇప్పటికే తీరిపోయాయి.

మూగబోయిన సెట్టును కదపకుండా వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలును స్క్రూడ్రైవరుతో తాకితే స్పీకరు బుర్రుమంది కనుక ఆడియో భాగాన్ని అనుమానించనక్కరలేదు. సెట్టు లోపల సొంత తరంగాన్ని పుట్టించే ఆసిలేటరు స్టేషనుకంటే 455 కిలోహెర్ట్జ్ పైన నడవాలి. పక్కన మరో రేడియోను 837కు 455 కలిపితే వచ్చే 1292 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టగా దాని హోరు అణిగింది, అంటే ఆసిలేటరు కూడా బతికే ఉంది. మిగిలినవి ఆ 455 కిలోహెర్ట్జ్ సిగ్నలును పెంచే ఐఎఫ్ దశలు, దాని నుంచి పాటను వేరుచేసే డిటెక్టరు.

బ్యాటరీ 5.9 వోల్టులు చూపుతోంది. ఈ సెట్టులో బ్యాటరీ ప్లస్ కొసే ఎర్త్; అక్కడి నుంచి కొలిస్తే, రెండో ఐఎఫ్ దశలోని ఏఎఫ్ 117 అనే ట్రాన్సిస్టరు కలెక్టరు కాలు మీద పాట వస్తున్నప్పుడు మైనస్ 5.2 వోల్టులు ఉండగా, ఆగిపోయినప్పుడు మైనస్ 0.4 మాత్రమే మిగిలింది. సెట్టు మొత్తం తీసుకునే కరెంటు 12 మిల్లీ ఆంపియర్ల నుంచి 19కి ఎగబాకింది. ఆ కలెక్టరుకు సరఫరా 680 ఓమ్‌ల రెసిస్టరు గుండా వస్తుంది. దాని మీద 5.5 వోల్టులు పడుతున్నాయంటే ఎనిమిది మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తున్నట్టు, కలెక్టరు నుంచి ఎర్త్‌కు సుమారు 50 ఓమ్‌ల దొంగదారి ఏర్పడినట్టు.

మొదటి అనుమానం అక్కడి 10 మైక్రోఫారడ్ కెపాసిటరు లీకవుతోందని. ఒక కాలు ఎత్తి, లోపం తిరిగి వచ్చేవరకు ఆగి చూస్తే అంకెలు మారలేదు. ఐఎఫ్ కాయిల్ తన డబ్బాకు తగులుతోందేమోనని తరువాత అనుకున్నాను, కానీ కలెక్టరు కాలు విప్పిన వెంటనే వోల్టేజీ తిరిగి పైకి లేచింది. పాత సెట్టు చేతికి రాగానే కెపాసిటర్లన్నీ మార్చేసేవారితో నేను ఏకీభవించనిది ఇందుకే: ఇక్కడ అవన్నీ మార్చినా రేడియో ఇలాగే ఆగిపోయేది.

ట్రాన్సిస్టరును బయటకు తీసి, కలెక్టరుకూ లోహపు డబ్బాకు కలిసి ఉండే నాలుగో కాలైన షీల్డుకూ మధ్య కొలుస్తూ మెల్లగా తట్టగా ముల్లు 50 ఓమ్‌లకూ అనంతానికీ మధ్య ఊగింది. అంకెల మీటరు ఈ ఊగిసలాటను చూపేలోపే తడబడుతుంది కాబట్టి ఇలాంటి పనికి ముల్లు మీటరుకే నా ఓటు. ఏఎఫ్ 114 నుంచి 117 వరకు ఈ జాతి డబ్బాల లోపలి తగరపు పూత నుంచి వెంట్రుకకంటే సన్నని లోహపు మీసాలు మొలిచి కాళ్లకు తగలడం తెలిసిన జబ్బే; నాసా గాడర్డ్ కేంద్రం వాళ్లు అలాంటి ట్రాన్సిస్టర్లను తెరిచి పరిశీలించారు. షీల్డు కాలును కత్తిరిస్తే డబ్బా ఎర్త్ నుంచి విడిపోతుంది, మీసం తగిలినా కరెంటుకు దారి ఉండదు. రెండు కాళ్లకూ మీసాలు తగిలి ఉంటే మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

కత్తిరించి తిరిగి అతికించాను. సోల్డ్రాన్ కంపెనీ 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఇలాంటి పాత బోర్డులకు సరిగ్గా సరిపోతుంది, అంతకుమించిన వేడికి రాగి పొర లేచిపోతుంది. ఇప్పుడు కరెంటు 12 దగ్గర నిలకడగా ఉంది, పెట్టెను ఎంత కొట్టినా పాట ఆగడం లేదు. డయల్ మీద 1400 కిలోహెర్ట్జ్ పైన మాత్రం సన్నని ఈల వినిపిస్తోంది. షీల్డు లేకపోవడం వల్ల ఆ దశ కొద్దిగా అస్థిరమైందని నా ఊహ. డబ్బాను చిన్న సిరామిక్ కెపాసిటరు ద్వారా ఎర్త్‌కు కలిపితే ఈల తగ్గాలి, డీసీకి దారీ తెరుచుకోకూడదు. ఆదివారం గవర్నర్‌పేట వెళ్లినప్పుడు 0.01 మైక్రోఫారడ్‌వి కొన్ని తెస్తాను. మొదటి ఐఎఫ్ దశలోనూ ఏఎఫ్ 117 ఉంది. దాని షీల్డును ఇప్పుడే తెంచను, కలెక్టరు దగ్గర కొలిచేందుకు ఒక తీగను మాత్రం బయటకు లాగి ఉంచుతాను. ఆపైన ఎల్ఎం 386 అనే చిన్న ఆడియో యాంప్లిఫయరు చిప్పుతో, సిగ్నలు ఏ దశ వరకు వస్తోందో వినిపించే సిగ్నల్ ట్రేసరు తయారుచేయాలి, ఎందుకంటే గుంటూరు నుంచి రాబోతున్న, ప్రమాదకరమైన అధిక వోల్టేజీ ఉండే వాల్వు సెట్టులో స్క్రూడ్రైవరు వేసి తాకే పద్ధతి పనికిరాదు.