రిహార్సల్‌కి శ్రోతలను పిలిచాం: నా అనుభవం

మా బ్యాండ్‌లో నేను కీబోర్డ్ వాయిస్తాను. గదిలో తలుపులు వేసుకుని హాయిగా వాయించిన పాట, స్టేజీ ఎక్కగానే బిగుసుకుపోయేది. పాట వేగం పెరిగిపోయేది, ఒకరి వాద్యం ఒకరికి వినపడేది కాదు. ఎదురుగా మనుషులు కూర్చోవడం కచేరీ రోజునే ఎందుకు మొదలవ్వాలి, రిహార్సల్‌కే పిలుద్దాం అన్నాను.

డ్రమ్మర్ ఒప్పుకోలేదు. "తప్పులు పోగొట్టుకోవడానికే కదా రిహార్సల్. అవి పరాయివాళ్ల ముందు చేయడమెందుకురా?" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. చుట్టూ మనుషులుంటే బాగా చేతికొచ్చిన పని ఇంకా చురుగ్గా సాగుతుందని, ఇంకా పట్టుబడని పని మాత్రం దెబ్బతింటుందని రాబర్ట్ జయన్స్ అనే సైకాలజిస్టు 1965లోనే రాశారు. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. కొత్త పాటలకు తలుపులు మూసే ఉంటాయి. స్వరాలు చేతికొచ్చి, కలిసి వాయించడంలోనే ఇంకా పని మిగిలిన పాటలకే శ్రోతలను పిలుస్తాం.

వాయించేవాళ్లను కొందరిని, సంగీతంతో పరిచయం లేనివాళ్లను కొందరిని పిలిచాం. "ఇది కచేరీ కాదు. మధ్యలో ఆపేస్తాం, ఒకే చరణం మళ్లీ మళ్లీ వాయిస్తాం. ఫోన్‌లో రికార్డు చేయొద్దు" అని ముందే చెప్పాం. రికార్డింగ్ విషయంలో నేను గట్టిగా పట్టుబట్టాను. ఫోన్ కనపడితే ఎవరూ ధైర్యంగా కొత్తది ప్రయత్నించరు.

గది సర్దడం తేలిక కాలేదు. చిన్న గదిలో డ్రమ్స్, ఆంప్‌లు (శబ్దం పెంచే ఆంప్లిఫయర్లు) కలిస్తే శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు వినొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గాలి అనేది పనిచోట ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా సంస్థ నియాష్, ఉద్యోగులందరి కోసం చెప్పిన హద్దు. ఆ లెక్కన 100 దగ్గర దక్కేది 15 నిమిషాలే. కుర్చీలను డ్రమ్స్‌లోని సింబల్స్‌కు, అంటే ఆ లోహపు పళ్లేలకు, దూరంగా జరిపాం, వచ్చినవాళ్లందరికీ ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ఇచ్చాం, మేమూ పెట్టుకున్నాం. ఆంప్‌లూ తగ్గించాం. అతిథుల కోసమని తగ్గిస్తే, గొంతు ఎంత స్పష్టంగా వినపడిందో!

రెండో పాటలో ఇంటర్‌లూడ్ (మధ్యలో వచ్చే వాద్య సంగీతం) అయి చరణం ఎత్తుకునే చోట బేస్ గిటార్ వాయించే బేసిస్టు చెయ్యెత్తి ఆపేశాడు. అందరూ మావైపే చూస్తున్నారు. పాడే అమ్మాయి అతిథులకు ఏదో సర్దిచెప్పబోయింది. "వద్దు, మన పని మనం చేసుకుందాం" అన్నాడు డ్రమ్మర్, అదీ వద్దన్నవాడు! ఆ కాస్త ముక్కనే సగం వేగంతో, కుదిరేదాకా వాయించాం. శ్రోతలు కుర్చీల్లో ముందుకు వంగి మరీ విన్నారు. నా దృష్టిలో ఆ రిహార్సల్‌కు ప్రాణం అదే. అక్కడ ఆపకుండా దాటేసి ఉంటే అది చవకబారు కచేరీ అయ్యేది.

చివర్లో "ఎలా ఉంది?" అని అడగలేదు. అలా అడిగితే బాగుందనే అంటారు. "ఏ మాట వినపడలేదు? ఎక్కడ ధ్యాస పక్కకు పోయింది?" అని అడిగాం. పల్లవి రెండో లైను అర్థం కాలేదని ముగ్గురు అన్నారు. అక్కడ నా కుడిచెయ్యి సరిగ్గా గొంతు ఉన్న స్థాయిలోనే నడుస్తోంది. ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, పైకి జరిపి వాయించగానే మాట తేలింది. బేసిస్టు వాళ్ల పిన్ని ఇంకోటి అడిగింది: "చరణం ముందు మీరంతా ఆ డ్రమ్స్ అబ్బాయి మొహం వైపు ఎందుకు చూస్తున్నారు నాన్నా?" నిజమే, వాడు తలూపితేనే అందరం ఎత్తుకుంటున్నాం. స్టేజీ మీద లైట్ల వెలుగులో ఆ తల కనపడదు. ఇప్పుడు తలూపడానికి బదులు వాడు అక్కడ చిన్న ఫిల్, అంటే చరణానికి దారితీసే డ్రమ్స్ ముక్క, వాయిస్తున్నాడు. చూడాల్సిన పని లేదు, వింటే చాలు.

ఇప్పుడు ప్రతి కచేరీకి ముందు ఒక రిహార్సల్ ఇలాగే పెట్టుకుంటున్నాం. పిలిచేది మాత్రం కొత్తవాళ్లనే. పాట ఒకసారి విన్నవాళ్లు వినపడని మాటను కూడా మనసులోనే పూరించుకుంటారు. పాతవాళ్లు మళ్లీ వస్తామంటే, కచేరీకి రమ్మంటున్నాం.