కొల్హాపూర్ ఎర్రమట్టిలో పది రోజులు

"వీడు మా బడిలో వస్తాదు" అని వచ్చీరాని హిందీలో పరిచయం చేశాను. తాలీం, అంటే కుస్తీ బడి, గుమ్మం దగ్గర ఒంటికి నూనె రాసుకుంటున్న కుర్రాళ్లు ఒక్క క్షణం నా మొహం చూసి, పగలబడి నవ్వారు. వాళ్లలో ఒకడు లేచొచ్చి, పద్నాలుగేళ్ల మా చిన్నోడి కాళ్లకు దండం పెట్టాడు. మన దగ్గర వస్తాదు అంటే కండలు తిరిగినవాడు. కొల్హాపూర్‌లో వస్తాద్ అంటే కుస్తీ నేర్పే గురువు. మాట ఒకటే, హోదా వేరు. మా చిన్నోడికి మాత్రం ఆ పది రోజులూ 'వస్తాద్' అనే పేరే ఖాయమైపోయింది.

నేను కడప జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అయితే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కుస్తీ రాదు. మా బడి పిల్లలు ఇద్దరు, ఈ చిన్నోడూ ఇంకో పెద్దోడూ, పట్టుబట్టి అడుగుతుంటే, ఫోన్లో వీడియోలు చూసి, ఇసుకలో తోచింది నేర్పాను. పోటీలకు తీసుకెళ్తే ఇద్దరూ మొదటి కుస్తీలోనే మట్టి కరిచారు. నిజానికి అక్కడ ఉన్నది మట్టి కాదు, మ్యాట్. ఆ తర్వాత తెలిసినవాళ్ల ద్వారా మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో జరిగే ఈ వేసవి కుస్తీ శిబిరం సంగతి విన్నాను.

మాకు కొల్హాపూర్ వెళ్లడం సులువే. తిరుపతి నుంచి వచ్చే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ ఎర్రగుంట్లలో అర్ధరాత్రి ఎక్కాం. గుంతకల్లు, బళ్లారి నిద్రలో పోయాయి. హుబ్బళ్లిలో ఇడ్లీ, బెళగావిలో కుందా అనే మిఠాయి తిని, మిరజ్ దాటి, సాయంత్రానికి దిగాం. స్టేషన్‌కు ఛత్రపతి శాహూ మహారాజ్ పేరే పెట్టారు. ఆ ఊళ్లో కుస్తీ ఇంతగా వేళ్లూనడానికి మూలం ఆయనే. 1894 నుంచి 1922 దాకా పాలించిన ఆ రాజు మల్లులకు తిండి పెట్టి, తాలీంలు నిలబెట్టాడు. గంగావేశ్, మోతీబాగ్, శాహూపురి లాంటి తాలీంల పేర్లు అక్కడ ఆటోవాళ్లకు కూడా నోటికి వచ్చు.

మేము ఉన్నది పంచగంగ నదికి దగ్గర్లో, పాత రాతి గోడల తాలీంలో. పొద్దున నాలుగున్నరకు లేపేవాళ్లు. ముందు పారలు పట్టుకుని గోదా మొత్తం తవ్వాలి. ఎర్రమట్టిని జల్లించి, అందులో నూనె, మజ్జిగ, పసుపు, నిమ్మరసం కలుపుతారట. అడుగు పెడితే మెత్తగా, చల్లగా ఉంటుంది. ఆ వాసన ఇప్పటికీ నా తువ్వాలును వదల్లేదు. "సార్, వీళ్లు మనతో పొలం పని చేయిస్తున్నారు" అన్నాడు పెద్దోడు మొదటి రోజే. పది రోజులైనా వాడు ఆ మాట మానలేదు గానీ, ఆఖర్లో పార ముందు పట్టుకునేది వాడే.

నేర్పేవాళ్లు ఇద్దరు. ఒకాయనకు డెబ్బై దాటాయి. చెవులు రెండూ నలిగి ముద్దలు కట్టాయి. ఆయనది మట్టి. రెండో ఆయనకు యాభై ఉంటాయి, పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేశారు. ఆయనది మ్యాట్. ఇద్దరికీ పడదేమో అనుకున్నాను. పడదు కూడా, టీ దగ్గర మాత్రమే. మట్టిలో ప్రత్యర్థి వీపు నేలకు ఆనించేదాకా కుస్తీ సాగుతుంది. అరగంట పట్టినా అడిగేవాడు లేడు. మ్యాట్ మీద మా పిల్లల వయసు వాళ్లకు రెండేసి నిమిషాల రౌండ్లు రెండు, తొమ్మిది మీటర్ల వలయం, కింద పడేస్తే రెండు పాయింట్లు, వలయం బయటికి నెట్టేస్తే ఒకటి, పది పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో సరి. "మట్టి పిల్లలకు ఓపిక ఎక్కువ, గడియారం కనబడదు" అని మ్యాట్ కోచ్. "మ్యాట్ పిల్లలకు గడియారమే కనబడుతుంది, మనిషి కనబడడు" అని పెద్దాయన. ఇద్దరూ నిజమే చెప్తున్నారని నాకు అనిపించింది.

మా వాళ్లు ధోబీ పఛాడ్ నేర్చుకోవాలని వచ్చారు. చాకలి బండ మీద బట్ట బాదినట్టు మనిషిని భుజం మీంచి తిప్పి కొట్టే పట్టు అది. కలాజంగ్, ఢాక్, ఘిస్సా అన్న పేర్లు కూడా నోట్‌బుక్‌లో రాసుకొచ్చారు. మూడు రోజులు గడిచినా ఒక్క పట్టూ చూపించలేదు. ఏం నేర్పారంటే, నిలబడడం. మోకాళ్లు వంచి, నడుం కిందికి దించి, చేతులు ముందుకు పెట్టి నిలబడడం. ఆ తర్వాత పడడం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచేతితో నేలను చరుస్తూ పడడం. వెనక్కి, పక్కకి, మళ్లీ వెనక్కి. పెద్దాయన కర్ర పట్టుకుని "గడ్డం! గడ్డం!" అని అరుస్తూ తిరిగేవారు. మా చిన్నోడు ఒకసారి లెక్కపెట్టి, పొద్దుట్నుంచి నూటపది సార్లు పడ్డానని గర్వంగా చెప్పాడు.

మూడో రోజు వాడికి మెడ పట్టేసింది. మ్యాట్ కోచ్ వాణ్ణి పడుకోబెట్టి, వంతెన వేయమన్నారు, అంటే వెల్లకిలా పడుకుని ఒళ్లు విల్లులా పైకి లేపడం. వాడు వేశాడు. తల నడినెత్తి మీద నిలిపి, బరువంతా మెడ మీదే మోపి. ఎవరు నేర్పారని అడిగారు. వాడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆయన తిట్టలేదు. నన్నే పడుకోమని, కాళ్లు ఎక్కడ పెట్టాలో, చేతులు ఎప్పుడు ఆనించాలో, మెడకు ఎన్ని వారాలు పోయాక బరువు చూపించాలో ఇరవై నిమిషాలు చెప్పారు. నలభై ఆరేళ్ల వయసులో, ముప్పై మంది పిల్లల ముందు, లుంగీ పైకి కట్టుకుని. ఆ రోజు నుంచి నేనూ శిబిరంలో విద్యార్థినే.

పెద్దోడి సంగతి ఇంకా అన్యాయం. వాడి బరువు యాభై కిలోలు. నలభై ఎనిమిది కిలోల విభాగంలో దిగితే సులువని రాత్రి భోజనం మానేస్తున్నాడు. ఆ ఆలోచన కూడా నాదే. కోచ్ కనిపెట్టి అందరినీ కూర్చోబెట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ యాభై కిలోల విభాగం ఫైనల్‌కు చేరాక, పొద్దున తూకంలో వంద గ్రాములు ఎక్కువై మొత్తం పోగొట్టుకున్న సంగతి చెప్పారు. అవి పెద్దవాళ్ల బాధలు, ఎదిగే పిల్లాడు తిండి మానకూడదు, తిని పై విభాగంలో ఓడిపోయినా సరే అన్నారు. ఆ సాయంత్రమే మమ్మల్ని గంగావేశ్ పాలకట్ట దగ్గరికి తోలారు. అక్కడ గేదెలను కట్టేసి, మన కళ్ల ముందే పితికి గుమ్మపాలు గ్లాసుల్లో పోస్తారు. పెద్దోడు రెండు గ్లాసులు తాగి, మూడోదానికి నా జేబు వైపు చూశాడు.

ఒక మధ్యాహ్నం సెలవిస్తే ఖాస్‌బాగ్ మైదానం చూశాం. 1912లో శాహూ మహారాజ్ కట్టించింది. నడుమ గోదా, చుట్టూ పైకి లేచే మెట్లు. రోమ్‌లో చూసిన రంగస్థలం ఆయన మనసులో పడిందట. ఎంత దూరాన కూర్చున్నా గోదా కనిపిస్తుంది. ఎండకు ఎవరూ లేరు. అక్కడ కూర్చుని పిల్లలకు ఖాశాబా జాధవ్ అనే మల్లుడి గురించి చెప్పాను. కరాడ్ దగ్గర గోళేశ్వర్ ఊరివాడు, కొల్హాపూర్ రాజారాం కాలేజీలో చదివాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానం, 1952 హెల్సింకీలో కాంస్యం. స్వతంత్ర భారతానికి అదే తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. రెండోసారి వెళ్లడానికి డబ్బు లేకపోతే కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డీకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు తెచ్చారు. ఈ ఇద్దరు పిల్లల రైలు టికెట్లు నేనే కొన్నానని స్టాఫ్ రూమ్‌లో వారం రోజులు చెప్పుకున్నవాణ్ణి. ఆ ప్రిన్సిపాల్ మాట చెప్తుంటే నా గొంతు కాస్త తగ్గింది.

ఎనిమిదో రోజు ధోబీ పఛాడ్ చూపించారు. డెబ్బై దాటిన ఆ మనిషి, తనకంటే ఎత్తున్న కుర్రాణ్ణి అలా భుజం మీదుగా తెచ్చి, ఎంత మెల్లగా దించారంటే, వాడు నవ్వుతూ లేచాడు. పిల్లలు చప్పట్లు కొట్టబోతే ఆపి, "వాడెలా పడ్డాడో చూశారా?" అని అడిగారు. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. మళ్లీ చూపించారు.

తిరుగు ప్రయాణంలో ఒళ్లు తెలియని నిద్ర. అర్ధరాత్రి దాటాక ఎర్రగుంట్ల వచ్చేస్తోందని పక్కాయన తట్టి లేపితే, సంచులు లాగుతూ కేకలేశాను. పై బెర్తులో ఉన్న చిన్నోడు సగం నిద్రలో దిగుతూ కాలు జారి, కింద పెట్టిన సంచుల మీద వెల్లకిలా పడ్డాడు. నాకు గుండె ఆగినంత పనైంది. వాడు అలాగే పడుకుని, కళ్లు నులుముకుంటూ నా వైపు చూశాడు.

"సార్, గడ్డం లోపలికే పెట్టినా" అన్నాడు.