డాబా మీద సూర్యుడు

ఈమధ్య సెలవు రోజు పొద్దుటి టైమంతా సూర్యుడికే పోతోంది. 70 ఎంఎం టెలిస్కోపు, దాని ముందు సోలార్ ఫిల్మ్, ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) దగ్గర ఫోను, అంతే సెటప్. ఆ ఫిల్మ్ లక్ష వంతుల్లో ఒక్క వంతు వెలుగే లోపలికి వదుల్తుంది, అది ముందువైపే ఉండాలి, ఐపీస్‌కి బిగించే పాత రకం ఫిల్టర్లు వేడికి పగిలిపోవచ్చు కాబట్టి ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దనండి, ఎక్స్‌రే ఫిల్ములైతే అసలొద్దు.

బీచ్‌లో సన్‌రైజ్ సెల్ఫీలకి బానే ఉంటుంది గానీ అంత కిందున్నప్పుడు సూర్యుడి అంచంతా మరుగుతున్నట్టు కదుల్తుంది. కాస్త పైకొచ్చాక, డాబా కాలకముందే చిన్న వీడియో తీసి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే (ఫ్రీయే) మంచి ఫ్రేములు ఏరి కలిపేస్తుంది, అప్పుడు సూర్యుడి మీదుండే నల్లమచ్చ (సన్‌స్పాట్) చుట్టూ బూడిదరంగు అంచు కూడా తేలుతుంది.

ఫొటోలో ఆ మచ్చ చూసి "లెన్స్ తుడువురా ముందు" అంది అమ్మ. ఆ మచ్చలో మన భూమి పట్టేస్తుందే అంటే నమ్మలేదు, మర్నాడు అది పక్కకి జరగడం చూశాకే ఒప్పుకుంది. మననుంచి చూస్తే సూర్యుడు ఓ చుట్టు తిరగడానికి సుమారు 27 రోజులు మరి.

మన వైజాగ్‌లోనే గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టారని, వాళ్ల అల్లుడు నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా వెళ్లడం గమనించారని ఎంతమందికి తెలుసు? స్కూల్లో మాకెవరూ చెప్పలేదు.

అంచున ఎగిసే మంటలు చూడాలంటే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ (హైడ్రోజన్ ఇచ్చే ఒక ఎర్ర వెలుగుని మాత్రమే వదిలేది) కావాలి. రేటు చూసి ట్యాబ్ మూసేశా.