గ్యారేజ్ అని రాసి బుక్కయ్యాను (షెడ్డు పర్మిషన్, నా అనుభవం)

నిన్న సాయంత్రమే రివైజ్డ్ ప్లాన్ ఓకే అయిందని మెసేజ్ వచ్చింది, మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది 400 గజాల ప్లాటు, ముందు పాత ఇల్లు, వెనకంతా ఖాళీ. మా నాన్నగారి 1986 అంబాసిడర్, నా ఇన్నోవా, ఒక బుల్లెట్, మూడూ ఎండకి ఎండి వానకి తడుస్తున్నాయి. (అంబాసిడర్ షోకి పెట్టుకున్నది కాదు, ఈ రోజుకీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుద్ది, కాలనీలో కొత్త కార్లవాళ్లు జంపర్ కేబుల్‌కి నా దగ్గరికే వస్తారు.) డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి వాళ్లింటి త్రీ కార్ గ్యారేజ్ ఫొటో పంపాడు, ఇక అదే పిచ్చి పట్టుకుంది.

అప్లికేషన్ సాఫీగానే అయింది. 2020 టీఎస్-బీపాస్ (తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు ప్లాటు, 10 మీటర్లలోపు ఎత్తు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే పర్మిషన్ వచ్చేస్తుంది. సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ప్లాన్ ఎక్కించి ఫీజు కట్టాం, అయిపోయింది. మా ఆవిడకి స్వీట్లు కూడా తెచ్చా.

కానీ 21 రోజుల్లోపు వెరిఫికేషన్‌కి వస్తారని, చెప్పింది తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే పవర్ ఆ చట్టంలోనే ఉందని మా ఆర్కిటెక్ట్ ఒక్క ముక్క చెప్తే ఒట్టు. ఫ్రెండ్ కొడుకు కదా అని ఇచ్చా, అదే తప్పు.

ఒకాయన టేపు పట్టుకుని వచ్చారు. ప్లాన్‌లో షెడ్డు వెడల్పు 30 అడుగులే, నేనే మేస్త్రీకి చెప్పి ముగ్గు 36కి పోయించా, అంటే రెండు పక్కలా ఐదేసి అడుగులు ఉండాల్సిన చోట రెండేసి. అది నా తప్పే, ఒప్పుకుంటా. ఆయన దాని గురించి ఏమీ అనకుండా ఫొటోలు తీసుకుని, సోమవారం ఆఫీసుకి రమ్మని వెళ్లిపోయారు.

సోమవారం మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో రెండు గంటలు నిలబెట్టాక పిలిచారు, లోపల ఓ పది మంది ఉన్నారు. సారు ప్రింటవుట్ మీద పెన్నుతో కొడుతూ "గ్యారేజ్ కమ్ వర్క్‌షాప్ అని మీరే రాసిన్రు కద. రెసిడెన్షియల్ జోన్‌ల డెంటింగ్ పెయింటింగ్ పెడ్తనంటే ఎట్ల సార్?" అన్నారు. నాకు అసలు అర్థం కాలా. తొంగి చూస్తే నిజమే, మా ఆర్కిటెక్టు మహానుభావుడు డల్లాస్ ఫొటో చూసి మూలన పానాలు పెట్టుకునే బల్ల దగ్గర వర్క్‌షాప్ అని రాసి పెట్టాడు. మన దగ్గర గ్యారేజ్ అంటే ఏంటి, మెకానిక్ షెడ్డే కదా! కాదు సార్, సొంత బండ్లు పెట్టుకోడానికి అంటే "మూడు షట్టర్లా? ఇల్లు ఎంతుంది, షెడ్డు ఎంతుంది?" అని అడిగారు. వెనక నుంచి ఎవడో కుర్రాడు "అంకుల్, ఆల్టో క్లచ్ ప్లేట్‌కి ఎంత తీస్కుంటరు?" అన్నాడు, గది మొత్తం నవ్వింది. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాను, లోన్ ఫైళ్లలో కామా తప్పితే వెనక్కి పంపినవాణ్ణి. చెవులు కాలిపోయాయి. కాలనీలో ఒకాయన అప్పటికే 'మెకానిక్ షాపు వస్తోంది, సౌండ్ పొల్యూషన్' అని కంప్లయింట్ ఇచ్చాడని కూడా అక్కడే తెలిసింది. ఎవరో తెలుసు, పేరెందుకు, ఆయన కూతురి పెళ్లికి రెండు రోజులు తిరిగింది నా ఇన్నోవానే.

తర్వాత పని రెండు వారాలు పట్టింది. గ్యారేజ్ తీసేసి 'కార్ పార్కింగ్ షెడ్', బల్ల ఔట్, సొంత వాహనాలకే, వ్యాపారం చెయ్యనని స్టాంప్ పేపర్ మీద నోటరీ అఫిడవిట్. ముగ్గు చెరిపి 30కే మళ్లీ పోయించా, మేస్త్రీ ఆ రోజు కూలి కూడా పట్టాడు.

మీరు కట్టేట్టయితే ప్లాన్ మీద ప్రతి అక్షరం మీరే చదవండి, అమెరికా ఫొటోలు ఆర్కిటెక్ట్‌కి చూపించకండి. బ్రోకర్ ఎనిమిది వేలు అడిగాడు, ఇవ్వలా, ఏం కాలేదు.

30 అడుగుల్లో మూడు షట్టర్లు పడతాయి గానీ అంబాసిడర్ డోర్ పూర్తిగా తెరుచుకోదట, అందుకని రెండే చెప్పా. రాణిగంజ్‌లో షట్టర్ల వాడు శుక్రవారం, శుక్రవారం అంటూ మూడో శుక్రవారం దాకా లాక్కొచ్చాడు. ఈ వానలకి కూడా బండి మీద టార్పాలినే.