శస్త్రహతులకు ఒక తిథి

కురుక్షేత్ర యుద్ధానికి ముందు వ్యాసుడు హస్తినాపురం వచ్చి, కావాలంటే నీకు చూపు ఇస్తాను, యుద్ధం చూడమని ధృతరాష్ట్రుడితో అంటాడు. పుట్టుకతో గుడ్డివాడైన రాజు ఆ వరం వద్దంటాడు. భీష్మపర్వం రెండో అధ్యాయంలో ఆయన జవాబు ఇది:

న రోచయే జ్ఞాతివధం ద్రష్టుం బ్రహ్మర్షిసత్తమ |
యుద్ధమేతత్త్వశేషేణ శృణుయాం తవ తేజసా ||

"బ్రహ్మర్షీ, నావాళ్ళు చావడం చూడాలని నాకు లేదు. కానీ ఈ యుద్ధం గురించి మాత్రం ఏదీ వదలకుండా వినాలని ఉంది. నీ మహిమతో ఆ ఏర్పాటు చెయ్యి."

మొదటి పాదం చదివినప్పుడు ముసలి తండ్రి మీద జాలి కలుగుతుంది. రెండో పాదానికి వచ్చేసరికి ఆ జాలి నిలవదు. చావు కంట పడకూడదు, కథ మాత్రం మొత్తం కావాలి! యుద్ధాన్ని ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి, ఆపే పని పక్కన పెట్టి, దాన్ని వినే వసతి అడుగుతున్నాడు. వ్యాసుడు ఆ వసతి కల్పిస్తాడు. దివ్యదృష్టి సంజయుడికి దక్కుతుంది.

ఈ రాజుకు ఇది కొత్త అలవాటేమీ కాదు. సభాపర్వంలో ద్రౌపదిని పణంగా ఒడ్డినప్పుడు సభలో పెద్దలు ఛీ ఛీ అంటారు, విదురుడు తల పట్టుకుని కూర్చుంటాడు. ధృతరాష్ట్రుడు మాత్రం సంతోషం దాచుకోలేక "కిం జితం, కిం జితం?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. గెలిచామా, గెలిచామా? పందెంలో ఉన్నది తన కోడలే. స్కోరు అడిగినట్టు అడిగాడు.

భీష్ముడు పడిపోయిన తరువాత, అంటే పదో రోజు యుద్ధం ముగిశాక, సంజయుడు పరుగున వచ్చి ముందు ఆ వార్త చెబుతాడు. వివరాలన్నీ ఆ తరువాతే. మనం రోజూ పారాయణ చేసే భగవద్గీత ఆ వివరాల్లో భాగంగా వస్తుంది. గీతలో ధృతరాష్ట్రుడు పలికేది ఒక్కటే శ్లోకం, మొట్టమొదటిది. "మామకాః పాండవాశ్చైవ కిమకుర్వత" అంటాడు. నావాళ్ళూ, పాండవులూ ఏం చేశారు? తమ్ముడి కొడుకులు ఆ మాటతోనే పరాయివాళ్ళయిపోయారు.

'నావాళ్ళు' అనే ఈ హద్దు మన ఊళ్ళో కూడా కనిపించింది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైనప్పుడు హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా అదే మాట. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు మరి. ఖార్కివ్, సుమీ లాంటి పేర్లు టిఫిన్ సెంటర్లలో కూడా వినిపించాయి. మన ప్రభుత్వం విమానాలు నడిపిన ఆపరేషన్ గంగలో పిల్లలు వచ్చేశారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో తల్లిదండ్రులు వాళ్ళను పట్టుకుని ఏడ్చారు. మార్చి అయ్యేసరికి ఆ యుద్ధం మన మాటల్లోంచి వెళ్ళిపోయింది. అక్కడ మాత్రం ఆగలేదు. మన పిల్లల కోసం ముందు ఏడవడం తప్పు అని ఎవరూ అనరు. వాళ్ళు ఇల్లు చేరగానే మిగిలిన చావులన్నీ ఉత్త వార్తలైపోయాయి చూశారా, నేను అంటున్నది దాని గురించి.

ఆ తరువాత 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి, దాని వెంట గాజా. ఇప్పుడు డ్రోన్ కెమెరాతో తీసిన వీడియోలు ఫోన్‌లోకే వస్తున్నాయి. పైనుంచి ఒక మనిషి పరుగెత్తడం కనిపిస్తుంది, దగ్గరవుతాడు, తెర ఆగిపోతుంది. వెనక పాట కూడా పెడతారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వేంకటేశ్వరస్వామి శుభోదయం ఫోటో, దాని కింద ఈ వీడియో, దాని కింద వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందని ప్రశ్న. మూడింటికీ ఒకే బొటనవేలు గుర్తు. దణ్ణం పెట్టిన చేయే ఆ చావుకూ 'ఓకే' కొడుతోంది.

దీని గురించి శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. 2007లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. కొందరిచేత 20 నిమిషాలు హింసాత్మక వీడియో గేమ్ ఆడించి, తరువాత నిజమైన హింస ఉన్న వీడియో చూపించారు. హింస లేని గేమ్ ఆడినవాళ్ళతో పోలిస్తే వీళ్ళ గుండె వేగం, చర్మం స్పందన తక్కువగా ఉన్నాయి. ఎత్తంటే భయపడేవాళ్ళకు డాక్టర్లు కొంచెం కొంచెంగా ఎత్తు అలవాటు చేసి భయం పోగొడతారు. ఆ పద్ధతే ఇక్కడ కూడా పనిచేస్తుంది. కాకపోతే పోయేది భయం ఒక్కటే కాదు.

మన ప్రభుత్వం కూడా ఈ మాట ఒకసారి చెప్పాల్సి వచ్చింది. 2025 మే 7న, ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజునే, హైదరాబాద్‌లో సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి దగ్గర మాక్ డ్రిల్ పెట్టారు. సాయంత్రం నాలుగింటికి సైరన్లు మోగాయి. టీవీ చానళ్ళయితే వార్తల్లో ఆ సైరన్‌ను బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చేసేశాయి. స్టూడియోలో సైరన్, తెర మీద మంటలు, కింద ఎర్ర అక్షరాలు. కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కూడా కొన్ని చెప్పేశాయి, అది జరగనే లేదు. మూడు రోజుల తరువాత కేంద్ర పౌర రక్షణ విభాగం చానళ్ళకు ఒక సలహా పంపింది. ప్రజలకు అవగాహన కల్పించడానికి తప్ప ఆ సైరన్ శబ్దం వాడకండి, మాటిమాటికీ వింటే జనం దానికి అలవాటు పడతారు, నిజంగా దాడి జరిగినప్పుడు కూడా టీవీ చప్పుడేలే అనుకుంటారు అన్నది దాని సారాంశం. సైరన్ విషయంలో ఈ జాగ్రత్త తీసుకున్నాం. శవాల విషయంలో మాత్రం అంత జాగ్రత్త కనిపించదు.

ఇక్కడ భక్తులు ఒక ప్రశ్న వేస్తారు, నాకూ ఎదురైంది. "సుఖదుఃఖాలకు చలించకూడదనే కదా గీత చెప్పింది? చావు చూసినా చలించకపోవడం మంచిదేగా?" చాలా తెలివైన తప్పించుకోవడం ఇది. గీత ఎవరికి చెప్పారో చూడండి. అర్జునుడు రథాన్ని రెండు సేనల మధ్య నిలబెట్టమంటాడు. రెండు వైపులా చూస్తాడు. తాతలు, గురువులు, మేనమామలు, కొడుకులు, మనవలు కనిపిస్తారు. ఒళ్ళు వణుకుతుంది, నోరు ఎండుతుంది, గాండీవం చేతిలోంచి జారిపోతుంది. కృష్ణుడు ఉపదేశం మొదలుపెట్టింది వణికిన ఈ మనిషికి. అవతల వణకని వాళ్ళు చాలామంది ఉన్నారు, దుర్యోధనుడికి ఆరోజు చేతులు స్థిరంగానే ఉన్నాయి. చివరికి అర్జునుడు యుద్ధం చేశాడు, కాదనను. కానీ ఆరో అధ్యాయంలో కృష్ణుడు యోగి ఎవరో చెప్పేటప్పుడు, ఇతరుల సుఖమైనా దుఃఖమైనా తనదానితో పోల్చి సమానంగా చూసేవాడే గొప్ప యోగి అంటాడు. పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాల్లో మొదటి వరుసలోనే మైత్రి, కరుణ వస్తాయి. చర్మం మొద్దుబారడాన్ని వైరాగ్యమని ఆయన ఎక్కడా అనలేదు. మన ఇంట్లో కరెంటు పోతే పది నిమిషాలు ఓర్చుకోలేం, ఊరు కాలుతున్న వీడియో చూసి మాత్రం స్థితప్రజ్ఞులమైపోతాం.

మరి చూడటం మానేస్తే సరిపోతుందా? నా మటుకు సరిపోదనే అనిపిస్తుంది. మానేసింది ధృతరాష్ట్రుడే కదా.

స్త్రీపర్వంలో గాంధారి కథ వేరు. తెలుగులో ఆ పర్వాన్ని తిక్కన రాశాడు. భర్త కోసం కళ్ళకు గంతలు కట్టుకున్న ఆమెకు కూడా వ్యాసుడి దయవల్ల దివ్యదృష్టి వస్తుంది, ఆమె వద్దనలేదు. యుద్ధం అయిపోయాక, విజేత ఎవరో తేలిపోయాక, ఆ నేలనంతా చూస్తుంది. కృష్ణుణ్ణి పక్కన నిలబెట్టి ఒక్కొక్కరినీ చూపిస్తుంది. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, వికర్ణుడు. కొడుకుల దగ్గరే ఆగిపోయి ఉంటే ఆమెను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె అభిమన్యుడి దగ్గర కూడా ఆగుతుంది, అతని ఒంటిని తడుముతున్న ఉత్తరను చూసి ఏడుస్తుంది. ద్రుపదుడి కోసమూ ఏడుస్తుంది. శత్రువు కొడుకు, శత్రువు మామ. ఒక్కో శవానికీ పేరుంది, పక్కన ఒక స్త్రీ ఉంది.

తరువాత ధృతరాష్ట్రుడు మళ్ళీ లెక్క అడుగుతాడు, ఎంతమంది చచ్చారని. ధర్మరాజు చెబుతాడు: 166 కోట్ల 20 వేలు, ఆచూకీ లేనివాళ్ళు 24,165. టీవీ కింద పరిగెత్తే అంకె లాంటిదే అది. అయితే భారతం అంకె దగ్గర ఆగిపోలేదు, అదీ నాకు నచ్చేది. అయినవాళ్ళు ఉన్నవారికీ, ఎవరూ లేనివారికీ కూడా దహనం జరుగుతుందా అని ఈసారి ధృతరాష్ట్రుడే అడుగుతాడు. ఇన్నేళ్ళలో ఆయన అడిగిన మంచి ప్రశ్న బహుశా ఇదేనేమో. ధర్మరాజు ధౌమ్యుణ్ణి, విదురుణ్ణి, యుయుత్సుణ్ణి పిలిచి ఆ పని అప్పగిస్తాడు. వాళ్ళతోపాటు సంజయుణ్ణి కూడా.

పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని వర్ణించి చెప్పినవాడిని కట్టెలు పేర్చడానికి పంపారు! దుర్యోధనుడు చనిపోయిన క్షణంలోనే అతని దివ్యదృష్టి పోయింది. ఇక చూడాల్సింది మామూలు కళ్ళతో, దగ్గరనుంచి. చందనం, అగరు, నెయ్యి, పట్టుబట్టలు తెచ్చారు. విరిగిన రథాలను, ఆయుధాలను కూడా పోగు చేశారు. ఏ దేశం నుంచి వచ్చారో, ఎవరి తాలూకో తెలియని వాళ్ళను కూడా పోగుచేసి, ధర్మరాజు ఆజ్ఞతో విదురుడు దహనం చేయించాడు. అందరూ గంగ ఒడ్డుకు వెళ్ళి నీళ్ళు వదిలారు. వినడం, చూడటం, చెప్పడం అన్నీ ఆ దోసెడు నీళ్ళ దాకా వచ్చాయి.

ఆ పని మన పంచాంగంలో ఇంకా ఉంది. భాద్రపద బహుళ పక్షం మహాలయ పక్షం కదా. అందులో చతుర్దశి పక్కన 'శస్త్రహత మహాలయం' అని కనిపిస్తుంది. ఆయుధంతో చంపబడినవాళ్ళ శ్రాద్ధానికి ఆ తిథిని విడిగా ఉంచారు, యాజ్ఞవల్క్యస్మృతిలోనే ఈ ఏర్పాటు ఉంది. ఏ తిథిన పోయారన్నదానితో పని లేదు, ఎలా పోయారన్నదే ముఖ్యం. హింసతో వచ్చిన చావును మామూలు చావుల్లో కలిపెయ్యకుండా, ఏడాదికోసారి దాన్ని పక్కకు తీసి చూడమన్నారు. మన వీధుల్లో బాంబులు పేలిన తేదీలు, గోకుల్ చాట్, లుంబినీ పార్కుల 2007 ఆగస్టు 25, దిల్‌సుఖ్‌నగర్ 2013 ఫిబ్రవరి 21, అక్కడ రోజూ తిరిగే ఎంతమందికి గుర్తున్నాయి? మొహర్రం పదో రోజున పాతబస్తీలో డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం కదిలేటప్పుడు మాత్రం క్రీ.శ. 680 నాటి కర్బలా చావులకు జనం నిన్న జరిగినట్టు ఏడుస్తారు. పదమూడు వందల ఏళ్ళు దాటినా ఆ దుఃఖాన్ని పాతబడనివ్వలేదు. ఆ శ్రద్ధకు నేను దణ్ణం పెడతాను.

మహాలయ తర్పణంలో చివరకు వచ్చే శ్లోకం ఒకటుంది, పాఠాల్లో ఒకటి రెండు మాటలు మారుతుంటాయి:

యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః |
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః ||

తల్లి, తండ్రి, చుట్టాలు, గోత్రంవాళ్ళు ఎవరూ లేనివారందరూ నేను వదిలే ఈ దర్భనీళ్ళతో తృప్తి పొందాలి. మన తాతముత్తాతల పేర్లు అయ్యాక, లేచే తొందరలో, పంతులుగారు చెప్పింది చెప్పినట్టు అనేసి వచ్చేస్తాం. 'మామకాః' అన్న హద్దు చెరిగిపోయేది సరిగ్గా అక్కడే. ఖార్కివ్‌లోనో గాజాలోనో కశ్మీర్‌లోనో, ఇంటిల్లిపాదీ పోయి నీళ్ళు వదిలేవాడు మిగలని వాళ్ళు ఆ శ్లోకంలోకి వస్తారు. ఈసారి అక్కడ కాసేపు ఆగండి. వారం క్రితం ఫోన్‌లో చూసి పైకి తోసేసిన ముఖం ఒకటి గుర్తు తెచ్చుకుని నీళ్ళు వదలండి.

తండ్రి బతికి ఉన్నవాళ్ళు మహాలయ తర్పణం చెయ్యరు. వాళ్ళు పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వొచ్చు. తెలంగాణలో చాలా ఇళ్ళలో ఇప్పటికీ అలాగే ఇస్తారు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ కూడా మొదలవుతుంది. మాఘంలో రథసప్తమి మర్నాడు భీష్మాష్టమి వస్తుంది. యముడికి, భీష్ముడికి తండ్రి ఉన్నవాడు కూడా తర్పణం ఇవ్వవచ్చని శాస్త్రం చెబుతుంది. బాణాలతో పడిపోయిన, పిల్లలు లేని ఆ ముసలాయనకు ఎవరైనా నీళ్ళు ఇవ్వొచ్చు. పద్ధతి తెలియకపోతే ముందురోజు మీ పురోహితుణ్ణి అడిగి రాయించుకోండి.