పాకాల దారిలో ఉచ్చుదవడ చీమ: పేరు పట్టేదాకా నా అనుభవం

నర్సంపేట నుంచి పాకాల పోయే దారిలో, అభయారణ్యం హద్దుకు ఇవతల, మామిడితోటకూ టేకుచెట్లకూ మధ్య ఉన్న గట్టు మీద దొరికిన చీమ ఇది. పొడవు ఐదు మిల్లీమీటర్ల లోపే. గోధుమ రంగు ఒళ్లు, తల ముందు పక్కపక్కనే రెండు సన్నటి కడ్డీల్లాంటి దవడలు. అవి ఉచ్చులా టక్కున మూసుకుంటాయి, ఉచ్చుదవడ అనే పేరు అందుకే. హద్దు లోపలైతే అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. చీమే కదా అని సీసాలో వేసుకొచ్చేయడానికి లేదు.

వెతికింది సెప్టెంబరులో. ఎండాకాలం ఆకుతుక్కు గలగలలాడుతుంటే ఈ రకం చీమలు మట్టిలోకి దిగిపోతాయి. ఇప్పచెట్ల కింద వెతకడం అప్పుడూ ఇప్పుడూ దండగే. పువ్వు ఏరుకోవడానికి మార్చిలో అక్కడి ఆకంతా తగలబెడతారు, పాత తుక్కు మిగలదు. చదరపు మీటరు మేర ఆకుతుక్కునూ, కింద వేలు లోతు మట్టినీ తీసి, సెంటీమీటరు కన్నాల జల్లెడతో తెల్లటి టబ్బులోకి జల్లించాను. కొత్తవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే. కదిలిస్తే ఈ చీమ కాళ్లు ముడుచుకుని మట్టిగడ్డలా పడి ఉంటుంది. కనీసం ఐదు నిమిషాలు టబ్బును కదపకుండా చూశాకే తుక్కును పక్కకు తీయాలి. అలా రెండు దొరికాయి.

మిగిలిన తుక్కును గరాటులో పెట్టాను. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా పైభాగం కోసి తలకిందులు చేసి, లోపల జాలీ వేసి, పైన నలభై వాట్ల పాత రకం బల్బు వేలాడదీస్తే సరిపోతుంది. ఎల్‌ఈడీ పనికిరాదు, దానికి వేడి చాలదు. అలాగని వంద వాట్లది పెడితే పై పొర గబుక్కున ఎండి, చీమలు కిందికి దిగేలోపే ఆకుల్లో చస్తాయి. రెండు రోజులకు అడుగున ఆల్కహాలు సీసాలో ఇవే మరో మూడు పడ్డాయి. మొత్తం ఐదు.

సీసాలోపల వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. జెల్ పెన్ను, బాల్‌పెన్ను ఆల్కహాలులో కరిగిపోయి నీలిరంగు నీళ్లూ తెల్లకాగితమూ మిగులుతాయి. ఊరు, తేదీ, జీపీఎస్ అంకెలు, ఏ చెట్ల కింద, ఎలా పట్టింది, ఎవరు పట్టింది: ఇవి లేని చీమకు ఎంత చక్కటి పేరు పెట్టినా ఎందుకూ కొరగాదు.

ఐదింటిలో మూడు పిన్నుకు ఎక్కించి, రెండు ఆల్కహాలులోనే ఉంచాను. పిన్ను గుచ్చేది చీమకు కాదు. ఎనిమిది మిల్లీమీటర్ల మూడుకోణాల అట్టముక్క వెడల్పు వైపున పిన్ను, మొన మీద చీమ. మధ్యకాళ్లకూ వెనకకాళ్లకూ నడుమ, ఛాతీ అడుగున, సూదిమొనంత ఫెవికాల్. ఎక్కువైతే అది నడుము కణుపును (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఉబ్బును) కప్పేస్తుంది, అప్పుడు ఆ చీమ ఉన్నా లేనట్టే. ఫెవిక్విక్ జోలికి వెళ్లొద్దు. ఫెవికాల్ అయితే తప్పు జరిగినా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఊడదీయొచ్చు. ఒకదాని దవడలు తెరవడానికి కూడా ముందు అలాగే నానబెట్టాలి, ఎండినదాన్ని లాగితే మొదట్లోనే విరుగుతుంది.

మైక్రోస్కోపు కింద పెట్టగానే నిగనిగలాడే ఒళ్లు తప్ప ఏమీ కనపడలేదు. లైటు నేరుగా పడితే మెరుపే గీతలా, గీత మెరుపులా కనిపిస్తుంది. ట్రేసింగ్ పేపరును గొట్టంలా చుట్టి చీమ చుట్టూ నిలబెట్టి, వెలుగు దానిలోంచి వచ్చేలా చేశాక గానీ నుదుటి మీది సన్నటి గీతలు లెక్కకు అందలేదు. పేరు తప్పిన చాలా సందర్భాల్లో తప్పు కీలో (లక్షణాలను ఒక్కొక్కటిగా అడుగుతూ పేరు దాకా తీసుకెళ్లే ప్రశ్నల పట్టికలో) ఉండదు, లైటులో ఉంటుంది.

కీలో మొదటి ప్రశ్న నడుము. ఒకే కణుపు. దాంతో పొడుగు దవడలుండే మరో ప్రజాతి (జీనస్) స్ట్రుమిజెనిస్ పోటీలోంచి పోయింది, దానికి రెండు కణుపులు. తర్వాత పొట్ట కొస. పొట్ట మొదటి రెండు ఖండాల మధ్య నొక్కు ఉంటే పోనెరినే ఉపకుటుంబం అని చాలామంది బట్టీ పడతారు. పోనెరినేలోనివే అయినా ఈ ఉచ్చుదవడ చీమల్లో ఆ నొక్కు సరిగ్గా ఉండదు, అందుకే గండుచీమల ఉపకుటుంబం ఫార్మిసినేలోకి దారి తప్పుతారు. నొక్కును నమ్మకుండా కొస చూడాలి. ఫార్మిసినేకు గుండ్రటి రంధ్రం, దీనికి కొండి. కొండి లోపలికి పోయి ఉంటే ఆల్కహాలులోని చీమ పొట్టను ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కితే బయటికొస్తుంది. ఇక దవడలు. తల ముందు అంచు మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని మొదలవుతున్నాయి, కొసన పళ్లు. గెంతే చీమ హార్పెగ్నాథోస్ దవడలు ఎడంగా మొదలవుతాయి, దాని పెద్ద కళ్లు తల ముందుకే ఉంటాయి. కాబట్టి మిగిలినవి రెండే ప్రజాతులు: ఒడోంటోమాకస్, అనోకీటస్.

ఈ రెంటినీ విడదీసేది తల వెనకభాగం. ఒడోంటోమాకస్‌కు అక్కడ రెండు నల్లటి గీతలు దగ్గరవుతూ వచ్చి కలుస్తాయి, మెడ అంచు గట్టు వి ఆకారంలో వంగుతుంది. అనోకీటస్‌కు ఆ గీతలు ఉండవు, గట్టు ఒకే వంపుగా సాగుతుంది. మొదటి చీమలో నాకు నల్లగీత స్పష్టంగా కనిపించింది. తడి కుంచెతో తుడిస్తే పోయింది, అది గాడిలో ఇరుక్కున్న మట్టి. నడుము కణుపు కూడా చూశాను. ఒడోంటోమాకస్‌కు పైన ఒకటే ముల్లు. దీనికి ముల్లు లేదు. 1861లో చీమల శాస్త్రవేత్త మాయర్ పేరు పెట్టిన అనోకీటస్ ప్రజాతే ఇది.

ప్రజాతి లోపల ఏ జాతి (స్పీషీస్) అనే దగ్గర కథ నెమ్మదిస్తుంది. కొలవాల్సినవి తల వెడల్పు, దవడలు మినహా తల పొడవు, స్పర్శశృంగం (మీసం) మొదటి ఖండం పొడవు. ఒక చీమకు తల వెడల్పు 1.10, పొడవు 1.25 మిల్లీమీటర్లు, అంటే నిష్పత్తి 88 (వెడల్పు పొడవులో ఎంత శాతమో అది). తల కాస్త ముందుకు వంగితే పొడవు 1.15గా కనిపించి నిష్పత్తి 96 అవుతుంది, కీలో వేరే దారి పడుతుంది. తల ముందు అంచూ వెనక అంచూ ఒకేసారి ఫోకస్‌లోకి వచ్చాకే కొలవాలి. జూమ్ మీట మారిన ప్రతిసారీ స్కేలును మళ్లీ సరిచూడాలి.

పాత కీలతో ఇంకో చిక్కు. మన దేశపు చీమల మీద బింగ్‌హామ్ రాసిన 1903 నాటి సంపుటిలో కనిపించే పంక్టివెంట్రిస్ అనే అనోకీటస్ జాతిని, చీమల శాస్త్రవేత్త బ్రౌన్ 1978లో గ్రేఫై అనే జాతిలో కలిపేశాడు. పాత పేరు దగ్గర ఆగిపోతే ఇప్పటి జాబితాల్లో ఆ చీమే దొరకదు. అందుకే కీ ఇచ్చిన పేరును నమ్మకుండా కణుపు ఆకారం, నుదుటి గీతలు ఎంతవరకు పోయాయి, ఛాతీ మీద నిక్కిన వెంట్రుకలు, దవడ లోపలి అంచు, ఈ నాలుగూ చీమల ఫొటోల వెబ్‌సైటు యాంట్‌వెబ్‌లోని మూల నమూనాల (జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న చీమల) ఫొటోల పక్కన పెట్టి చూశాను. మూడు కలిశాయి, నుదుటి గీతలు కలవలేదు. ఐదూ పనిచీమలే, రాణి లేదు, మగది లేదు. ప్రస్తుతం నాఫ్తలీన్ ఉండలేసిన డబ్బాలో (లేకపోతే ఇంటి చీమలే వచ్చి వీటిని తినేస్తాయి) చీటీ మీద ‘అనోకీటస్, జాతి 1’ అని ఉంది, అదీ పెన్సిల్‌తోనే.