గుండె కణాలకు జెల్: ఐస్ మీద నుంచి సూది చివరి దాకా

దెబ్బతిన్న గుండెను బాగుచేసేందుకు గుండె కణాలను ఉత్త సెలైన్‌లో కలిపి గుండె కండరంలోకి సూదితో ఎక్కిస్తే చాలావరకు అక్కడ నిలవవు. గుండె బిగిసిన ప్రతిసారీ కొన్ని సూది రంధ్రంలోంచే వెనక్కి వచ్చేస్తాయి, కొన్ని సిరల్లో పడి ఊపిరితిత్తులకు చేరతాయి. మిగిలినవాటికి ఆక్సిజన్ చాలదు, అతుక్కోవడానికి ఆధారం ఉండదు. కాబట్టి కణాలను కలిపి ఎక్కించే జెల్ మొదటి పని కణాలను కదలకుండా పట్టి ఉంచడం. ఏ పదార్థం అన్నదానికన్నా అది ఎప్పుడు గడ్డకడుతుందో ముందు చూడాలి.

మొదలుపెట్టడానికి టైప్ 1 కొలాజెన్ (చర్మం, స్నాయువుల్లో ఉండే ప్రొటీన్) సులువు. స్టాక్ (కొన్న చిక్కటి ద్రావణం) మిల్లీలీటరుకు 8 మి.గ్రా. ఉంటే, 2 మి.గ్రా. గాఢత గల జెల్ 1 మి.లీ. తయారీకి: పది రెట్ల గాఢత గల పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) 90 మైక్రోలీటర్లు, స్టెరైల్ నీళ్లు 554, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ సుమారు 6, కొలాజెన్ 250. వేడెక్కితే గడ్డకడుతుంది కాబట్టి అన్నీ ఐస్ మీదే, కొలాజెన్ చివర్లో. ఒక చుక్క పీహెచ్ కాగితం మీద వేసి 7.2–7.4 వచ్చిందని చూశాకే, మీడియంలో ఉన్న కణాలు 100 మైక్రోలీటర్లు కలపాలి. స్టాక్ ఆమ్లంలో ఉంటుంది కాబట్టి ఈ వరుస తప్పితే కణాలు అక్కడే పోతాయి. క్షారం మోతాదు లాటును బట్టి మారుతుంది, లెక్కను గుడ్డిగా నమ్మొద్దు. పైపెట్‌తో నెమ్మదిగా కలపండి. బుడగలు పడితే తీయడం నరకం.

ఎక్కువమంది దెబ్బతినేది సిరంజి దగ్గర. ద్రావణాన్ని చల్లార్చి, సూదిని గది వేడిలో వదిలేస్తారు. లోపలే పోగులు కట్టడం మొదలవుతుంది, సూది మొరాయిస్తుంది, బొటనవేలు గట్టిగా నొక్కుతుంది. సిరంజి వెడల్పు నుంచి సన్నటి సూదిలోకి దూరే చోట కణం సాగి పొర చిరుగుతుంది. అందుకే సిరంజి, సూది రెండూ చల్లగా ఉండాలి. పలచటి ద్రావణంలో కణాలు నిమిషాల్లోనే అడుక్కి దిగుతాయి, నింపాక ఆలస్యం చేయకూడదు. ముందే కాస్త గడ్డకట్టిన మెత్తటి ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పదార్థం) అయితే ముద్దలా జారుతూ కణాలను కాపాడుతుంది. మరీ గట్టిదైతే ఆ లాభం పోతుంది. పైగా ఆల్జినేట్‌కు కణాలు వాటంతట అవి అతుక్కోవు, ఆర్‌జీడీ పెప్టైడ్ (కణాలు పట్టుకోగల చిన్న ప్రొటీన్ ముక్క) కలపాల్సిందే.

సూది దాటిన వెంటనే బతికున్న కణాలను మెరిపించే కాల్సీన్ రంగుతో 90 శాతం బతికాయని చూసి సంబరపడొద్దు. పొర చిరగకపోయినా, పట్టు దొరకని కణాలు తర్వాత చనిపోతాయి. 24 గంటలకు మళ్లీ చూడండి, మొత్తం కణాల సంఖ్యను కూడా లెక్కించండి. కొట్టుకుపోయినవి శాతంలో కనబడవు.

ఒకేచోట పెద్ద బొట్టు వేయడమూ నష్టమే. రక్తనాళాలు లేని జెల్‌లో ఆక్సిజన్ 100–200 మైక్రాన్ల లోతుకు మించి సరిగా అందదు, నడిమి కణాలు ముందు పోతాయి. అదే పరిమాణాన్ని చిన్న చిన్న బొట్లుగా పక్కపక్కన వేయండి. వేశాక సూదిని వెంటనే లాగకుండా, జెల్ కాస్త పట్టుకునేదాకా అలాగే ఉంచండి.